అరిగిపోయిన లాక్ నట్టు

మా టైర్ల షాపులో సుత్తి నా బల్ల కింద ఉంటుంది. సుత్తి పెళ్ళాం దగ్గర ఉండటమేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. మా ఆయన కుడికన్ను పోయింది ఆ సుత్తి వల్లే. తుప్పు పట్టిన బోల్టు మీద ఉలి పెట్టి కొడుతుంటే, ఉలి అంచు నుంచి బియ్యపుగింజంత ముక్క లేచింది. ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ పూర్తిగా తలుచుకోలేను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే సుత్తి తీసుకెళ్ళి నా బల్ల కింద పడేసుకున్నాను. కొట్టి తీయాల్సిన పని ఏదొచ్చినా వీధి చివర లేత్ షాపుకి పంపేస్తాం. ఆయనకి మిగిలింది ఆ ఒక్క ఎడమకన్ను. అది కూడా పోతుందేమోనన్న భయం నాకు అన్నంతో పాటే కడుపులో ఉంటుంది.

షాపు చెప్పుకోదగ్గంత పెద్దదేం కాదు. ఒక షట్టరు, గోడవారగా గాలి యంత్రం, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి, పాత టైర్ల దొంతర. చక్రాల పని ఆయనది. నోటి పని నాది. వచ్చినవాళ్ళతో మాట్లాడటం, ఫోన్లు, దెబ్బలాటలు అన్నీ నేనే చూసుకుంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆయన అంటాడు. ఆయనకి మాట పెదవి దాటదు మరి, ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ఆ రోజు మధ్యాహ్నం ఫొటోగ్రాఫరు కుర్రాడు వచ్చాడు. కారు ముందు చక్రంలో గాలి సగం దిగిపోయి, కుంటుకుంటూ వచ్చి షట్టరు ముందు ఆగింది. దిగుతూనే గొంతు లేచింది.

"అక్కా, ఈ లాక్ నట్టు చూడండి. పోయిన నెల మీ దగ్గర కొత్త టైర్లు వేయించుకున్నాక ఇంకెవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు దారిలో స్టెప్నీ వేసుకుందామంటే తాళం పట్టుకోవట్లేదు!"

నేను వంగి చూశాను. లాక్ నట్టంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మంచి చక్రాలు దొంగల పాలవకుండా ఒక్కో చక్రానికి ఒక్కో నట్టు వేరేరకంగా ఉంటుంది. దాని తల మీద పువ్వురేకుల్లాంటి గాడి, ఆ గాడికి సరిపోయే తాళం ముక్క కారులోనే ఉంటుంది. తాళాన్ని గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి తిప్పితే నట్టు వస్తుంది. వంకరగా పెట్టి బలమంతా ఉపయోగిస్తే గాడి చెరిగిపోతుంది. ఇక ఆ చక్రం దొంగకే కాదు, సొంతదారుకీ దక్కదు. ఈ కుర్రాడి నట్టు మీద పువ్వూ లేదు, రేకూ లేదు. నున్నగా గుండు గీసినట్టుంది.

"మా షాపులో ఇలాంటిది జరగదు," అని ఒంటికాలి మీద లేచాను. "ఎక్కడో రోడ్డు పక్కన ఎవడితోనో తీయించి మా మీద పెడతావా? మా ఆయన చేతిలో నట్టు పాడవడం నా పెళ్ళైన దగ్గర్నుంచీ చూడలేదు."

"నాకు అబద్ధం ఆడాల్సిన పనేంటక్కా? సాయంత్రం షూటింగుంది. లైట్లన్నీ డిక్కీలోనే ఉన్నాయి."

"అయితే లేత్ షాపుకెళ్ళు. కొట్టి తీసే పనులు మేం చెయ్యం."

అప్పుడు మా ఆయన లోపల్నుంచి వచ్చాడు. చక్రం పక్కన కూర్చుని బొటనవేలితో ఆ నట్టు తల తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత నా వైపు తిరిగి, "సుత్తి ఇవ్వు," అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"లేత్ ఆయన ఉన్నాడుగా?"

"ఇది నేనే తీయాలి. ఇవ్వు."

ఆయన అలా మాట్లాడటం అరుదు. బతిమాలాను, తిట్టాను, ఆ కుర్రాడి ముందే పిల్లల మీద ఒట్టు వేయించబోయాను. ఆయన చెయ్యి చాపుకుని కూర్చున్నాడంతే. చివరికి గోడ మేకుకి వేలాడుతున్న గాగుల్స్ లాగి ఆయన ఒళ్ళోకి విసిరాను. "ఇవి పెట్టుకుంటేనే సుత్తి. తీశారో, షట్టరు దించి మా అమ్మగారింటికి పోతాను," అన్నాను. గాగుల్స్ అంటే ఆయనకి పడదు. ఆవిరి పడుతుందనీ, గీతలున్నాయనీ వంకలు పెట్టి చొక్కా అంచుతో తుడిచి తుడిచి చివరికి పక్కన పెట్టేస్తాడు. ఆ వేళ మాత్రం కిక్కురుమనకుండా తీసి పెట్టేసుకున్నాడు. హమ్మయ్య, ఇన్నేళ్ళకి నా మాట చెవిన పడిందనుకున్నాను.

పద్ధతి నాకూ తెలుసు. ముందు మిగతా నట్లు బాగా బిగించాలి. చక్రం బరువంతా వాటి మీదికి పోతే, చెడిపోయిన నట్టు మీద పట్టు తగ్గుతుంది. తర్వాత ఆ నట్టు కన్నా ఒక పిసరు చిన్న సాకెట్, అంటే నట్టుకి టోపీలా తొడిగే ఉక్కు గొట్టం, తీసుకుని దాని తల మీద పెట్టి సుత్తితో దిగ్గొట్టాలి. సాకెట్ నట్టుని కరుచుకున్నాక పొడుగు పైపు తొడిగి తిప్పాలి. వినడానికి తేలికే. కానీ లాక్ నట్టు ఉక్కు గట్టిది, సాకెట్ ఉక్కు అంతకన్నా గట్టిది. గట్టి మీద గట్టి కొడితే వంగవు, పెచ్చులు లేస్తాయి. ఆ పెచ్చు ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఆయన సాకెట్ పెట్టాడు. ఎడమచేతి వేళ్ళతో చుట్టూ తడిమి సరిచూసుకుని, సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకే నేను కళ్ళు మూసుకున్నాను. సిగ్గేం లేదు, చెబుతున్నాను, చూడలేకపోయాను. ఆయన కన్ను కాపాడాలని నిలబడినదాన్ని, తీరా సమయానికి నా కళ్ళు మూసుకుని దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. ఠంగు, ఠంగుమని దెబ్బలు నా పళ్ళలో మోగాయి. ఫొటోగ్రాఫరు కూడా అరవడం మానేసి, నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

ఉన్నట్టుండి దెబ్బతో పాటు టప్పుమని ఇంకో చప్పుడైంది. చిన్నదే. ఆ చప్పుడు నేను ఇంతకుముందొకసారి విన్నాను.

సుత్తి ఆగింది. ఎలా వెళ్ళానో తెలియదు, ఆయన ముందు మోకాళ్ళ మీద ఉన్నాను. గాగుల్స్ పైకి లాగి, రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుని, రెప్ప ఎత్తి చూశాను. కన్ను ఉంది. ఎర్రగానైనా లేదు. నీరు కూడా కారలేదు.

"ఏం కాలేదు, వదులు," అన్నాడు ఆయన.

గాగుల్స్ ఎడమ అద్దం మీద చిన్న గుంట, దాని చుట్టూ చీలికలు. అక్కడ అద్దం లేకపోతే? ఆ మాట పూర్తిగా అనుకోలేక ఏడ్చేశాను, వెంటనే నవ్వాను, ఆయన భుజం మీద రెండు దెబ్బలు వేశాను. "చూశారా? చూశారా నేను చెప్తే వినరు!" ఫొటోగ్రాఫరు మంచినీళ్ళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "వదిలేద్దామక్కా, నాకేం వద్దు, ఆటోలో పోతాను," అన్నాడు పాపం.

ఆయన వినలేదు. మళ్ళీ గాగుల్స్ దించుకుని ఇంకో రెండు దెబ్బలు వేసి, పైపు తొడిగి, పాదం గోడకి తన్నిపెట్టి లాగాడు. నట్టు కీచుమని అరిచి కదిలింది. వదులయ్యాక చేత్తో తిప్పి తీసి నేల మీద పెట్టాడు. అప్పుడు గాగుల్స్ విప్పి నా చేతికిచ్చి, జాకీ ఎత్తి స్టెప్నీ వేయడంలో పడ్డాడు. లాక్ నట్టు బదులు సొరుగులోంచి మామూలు నట్టొకటి వెతుక్కుని పెట్టాడు. చక్రం దించాక, బిగింపు సరిపోగానే టిక్కుమనే పానా పట్టుకుని నట్లు బిగించుకుంటూ పోయాడు. టిక్కు, టిక్కుమంటుంటే నాకు గుండెలో బరువు దిగుతున్నట్టనిపించింది. వంట గురించి ఆలోచన కూడా వచ్చింది.

ఆ సంబరంలోనే, గాగుల్స్ మేకుకి తగిలించబోతూ, ఆ కుర్రాడిని నవ్విద్దామని నా కళ్ళకి పెట్టుకున్నాను. "ఏం బాబూ, నాకూ ఒక ఫొటో తీస్తావా?" అన్నాను.

నాకు కుర్రాడు కనపడలేదు.

కారు కనపడలేదు. షట్టరు అవతల వీధి ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు, అంతే. గాగుల్స్ తీసి చూసుకున్నాను. రెండు అద్దాల నిండా వెండిరంగు. ఇందాక కంగారులో గుంట తప్ప ఇంకేమీ చూసుకోలేదు నేను. షట్టరుకి రంగు కొట్టినప్పుడు నేనే పెట్టుకున్నాను వీటిని, కడగకుండా మేకుకి తగిలించాను. తుంపర పడి అద్దాలు మూసుకుపోయాయి. మళ్ళీ పెట్టుకుని నా చెయ్యి మొహం ముందు ఆడించాను. నీడ కూడా సరిగా తెలియలేదు.

వీటితోనే ఆయన సుత్తి వేశాడు. తుడవలేదు. కనపడట్లేదని ఒక్క మాట అనలేదు.

ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఏమండీ. ఈ అద్దాల్లోంచి మీకేం కనపడింది?"

పని ముగించి పానా తుడుస్తున్న చెయ్యి ఆగింది. "ఏదో మసకగా ఉంది. పర్లేదు."

"ఇప్పుడో? ఇప్పుడు తీసేశారుగా?"

ఆయన తల ఎత్తాడు. నా వైపే తిప్పాడు మొహం, కానీ నా భుజం దాకానే వచ్చింది ఆ చూపు. "ఇప్పుడూ అంతే," అన్నాడు.

నేను కింద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. భయం మరీ ఎక్కువైతే ఏడుపు కూడా రాదు. మూడు నెలలై ఉంటుందట. ముందు పక్కలు నల్లబడ్డాయట. తర్వాత మధ్యలో మిగిలింది కూడా మంచు పట్టినట్టయిందట. "తగ్గుతుందేమో అనుకున్నా. నీకు చెబితే నిజమైపోతుందనిపించింది," అన్నాడు. ఈ మధ్య బండి మానేసి, పొట్ట తగ్గాలంటూ నడిచొద్దామన్నాడు. దారంతా నా చెయ్యి పట్టుకునేవాడు. పెళ్ళైన కొత్తలో కూడా పట్టుకోనివాడు ఈ వయసులో పట్టుకుంటున్నాడని నేను సిగ్గుపడ్డాను, పక్కింటావిడతో చెప్పుకుని మురిసిపోయాను కూడా. తలుచుకుంటే ఆయన్ని కొట్టాలనిపించింది, గట్టిగా పట్టుకోవాలనీ అనిపించింది. నేను ఇనపముక్క తగలకుండా కాపలా కాస్తూ కూర్చున్నాను. కన్ను నా పక్కనే, నా చెయ్యి పట్టుకుని నడుస్తూనే పోతోంది.

"తమ్ముడూ, నీ నట్టు నేనే పాడుచేశాను," అన్నాడు ఆయన ఫొటోగ్రాఫరుతో. "తాళం వంకరగా కూర్చుంది. చూసుకోలేకపోయా. మీ అక్క నిన్ను అన్న మాటలు మనసులో పెట్టుకోకు."

ఆ కుర్రాడు జేబులోంచి కారు తాళాలు తీశాడు. "అవన్నీ తర్వాత అన్నా. పదండి, ఎక్కండి, కళ్ళాస్పత్రికి నేను తీసుకెళ్తా. షూటింగ్ సంగతి మా వాడు చూసుకుంటాడు," అన్నాడు. అని కారు వైపు అడుగు వేసి, ఆగిపోయాడు. ఇప్పుడే వేసిన చక్రం వైపు చూశాడు. మా ఆయన వైపు చూశాడు. పైకి ఏమీ అనలేదు, మర్యాదస్తుడు.

"ఉండు, నేను చూస్తాను," అని లేచి పానా తీసుకున్నాను.

మొదటి నట్టు మీద పెట్టి నొక్కగానే టిక్కుమంది. రెండోదీ అంతే. ఆయన కారు మీద చెయ్యి వేసి, తల కొంచెం వంచి వింటున్నాడు. మూడోదీ పలికింది. నాలుగోది మామూలు నట్టు, సొరుగులోంచి తెచ్చింది. దాని మీద పానా పెట్టి నొక్కితే టిక్కు రాలేదు. పానా తిరిగింది. ఇంకా తిరిగింది. దాన్ని ఆయన చేత్తో పెట్టి వదిలేశాడు, బిగించే వరసలో తప్పిపోయింది. తిప్పి తిప్పి చివరికి టిక్కుమనిపించి, అయిదోది కూడా చూసి లేచాను.

"ఏంటది?" అన్నాడు ఆయన.

"ఏం లేదు. నా చెయ్యి జారింది."

"చెయ్యి జారితే ఆ చప్పుడు రాదు."

ఆయన దగ్గర పనిలో ఎవరి అబద్ధమూ నిలవదు. ఫొటోగ్రాఫరు తలుపు తీసి పట్టుకుంటే, ఆయన ఎక్కలేదు.

"పొద్దున టీచరమ్మ కారు నాలుగు చక్రాలూ మార్చి వేశాను," అన్నాడు. "కూతుర్ని తీసుకుని ఊరెళ్తోంది. పెద్ద రోడ్డు మీద ఉంటుంది ఈపాటికి. ఫోన్ చెయ్."

"ముందు ఆస్పత్రికి…"

"ఫోన్ చెయ్యందే నేను కారెక్కను."

కారు రెడీ అయిందని పొద్దున నేనే ఫోన్ చేశాను ఆవిడకి. ఆ నంబరు నొక్కాను. అవతల మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఆయన నా మణికట్టు పట్టుకుని నిలబడ్డాడు, నొప్పి పుట్టేంత గట్టిగా.

"హలో?" అంది చిన్నపిల్ల గొంతు. వెనకాల పాటలు మోగుతున్నాయి. "అమ్మ డ్రైవింగ్ చేస్తోంది. మీరెవరు?"

నా జన్మలో ఎవరితోనూ అంత మెత్తగా మాట్లాడి ఉండను. "నేను టైర్ల షాపు ఆంటీనమ్మా. బంగారుతల్లీ, అమ్మకి ఒక మాట చెప్తావా? మెల్లిగా, చాలా మెల్లిగా వేగం తగ్గించి, పక్కకి తీసి ఆపమను. బ్రేకు గట్టిగా తొక్కొద్దని చెప్పు. కంగారేం లేదు."

పిల్ల చెప్పింది. దూరంగా తల్లి మాట వినిపించింది కానీ అర్థం కాలేదు.

"ఆంటీ, ఇందాకట్నుంచీ వెనక ఏదో చప్పుడొస్తోందని అమ్మ అంటోంది. రోడ్డు బాలేదేమో అనుకుందట."

"తర్వాత చెప్పుకుందాం తల్లీ. ముందు ఆపమను."

పాటలు ఆగిపోయాయి. అప్పుడు నాకూ వినిపించింది ఆ చప్పుడు, ఫోన్లోంచి, టక టక టకమని. టకటక నిదానించింది, ఇంకా నిదానించింది. ఆగింది. పక్కనుంచి లారీ ఏదో హోరుమంటూ పోయింది. తలుపు తీసిన చప్పుడైంది. అమ్మ దిగిందని పిల్ల చెప్పింది. చక్రం దగ్గర కూర్చుందని చెప్పింది.

ఫోను తల్లి చేతికి మారింది. "వెనక చక్రం అండీ. నట్లు చేతికే తిరిగిపోతున్నాయి. ఒకటి అసలు లేనే లేదు. ఇదేంటండీ? నా పాప వెనకే కూర్చుంది."

"కదపకండి. పాపని దింపి రోడ్డుకి దూరంగా నిలబడండి. లేత్ షాపాయన్ని ఇప్పుడే పంపిస్తున్నాను, మీ దగ్గరికే వస్తాడు." ఇంకేం చెప్పాలో తోచలేదు. "తప్పు మాదేనండీ. మా ఆయనకి కళ్ళు కనపడట్లేదు. మాకు ఇప్పుడే తెలిసింది," అన్నాను. ఆవిడ ఏడుస్తోందని తెలుస్తోంది. ఫోను పెట్టేసింది.

"ఏమంది?" అన్నాడు మా ఆయన.

ఆగారట, అంతా బాగానే ఉందట అని చెప్పబోయాను. మాట నోటి చివరిదాకా వచ్చింది. నా మణికట్టు ఆయన ఇంకా వదల్లేదు.

"నట్లు చేతికే తిరుగుతున్నాయట," అన్నాను. "ఒకటి ఊడి పడిపోయిందట. పాప బాగానే ఉంది."

ఎంతోమంది చక్రాలు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి ఈ మూడు నెలల్లో. ఆయన తడుముకుంటూ వెనక సీట్లోకి ఎక్కి, నాకు చోటిచ్చి జరిగాడు. నేను లేత్ షాపాయనకి సంగతి చెప్పి, షట్టరు దించి వచ్చి పక్కన కూర్చున్నాను. ఫొటోగ్రాఫరు నిదానంగా కారు తీశాడు.

"నిన్న సాయంత్రం వచ్చింది నర్సమ్మ కారు," అన్నాడు మా ఆయన. "బెల్టు కీచుమంటుంది చూడు, అది. ఆవిడకి చెయ్యి."

నేను నంబరు వెతకసాగాను.